కాంక్రీటులో దిగిన బోల్టు: పరీక్షాపద్ధతి రూపొందిన కథ

ఇంటికి స్లాబు పోసేనాడే పంకా కొక్కేన్ని ఇనుపకడ్డీలకు తగిలించి పెట్టడం మన మేస్త్రీలకు అలవాటు. కాంక్రీటు దాని చుట్టూ గట్టిపడుతుంది కనుక కొక్కెం ఊడి వస్తుందన్న భయం ఉండదు. కాని ప్రతి వస్తువుకూ ముందే కొక్కెం పెట్టడం సాధ్యం కాదు. కాంక్రీటు గట్టిపడిన నెలలకో, ఏళ్లకో గొట్టాలు తగిలించవలసి వస్తుంది. యంత్రాన్ని బిగించవలసి వస్తుంది. అప్పుడు రంధ్రం తొలిచి బోల్టు దింపడం తప్ప వేరే దారి లేదు. ఇంజనీర్లు ఈ బోల్టును యాంకరు అంటారు. తెలుగులో లంగరు అన్నమాట. ఓడను పట్టి ఉంచే లంగరు వలె ఇది బరువును కాంక్రీటుకు పట్టి ఉంచుతుంది. లంగరుకు గొలుసు ఉంటుంది, లాగి చూడవచ్చు. కాంక్రీటులో దిగిన బోల్టుకు బయట కనిపించేది ఒక నట్టు, ఒక వాషరు మాత్రమే. దాని బలమంతా కంటికి కనిపించని ఆ అయిదారు అంగుళాల లోతులో ఉన్నది. అది సరిగా పట్టుకొన్నదో లేదో తెలుసుకొనడం ఎట్లా? ఈ ప్రశ్నకు సమాధానం వ్రాయడానికి ఇంజనీర్లకు చాలాకాలం పట్టింది. మధ్యలో కొన్ని ప్రాణాలు కూడా పోయాయి.

గోడకు మేకు నిలవకపోతే చెక్కముక్క దిగగొట్టి, ఆ చెక్కలోకి మరమేకు బిగించడం వడ్రంగులు ఎప్పటినుంచో చేస్తున్న పని. ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్లలో లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో విద్యుత్ సామగ్రిని గోడలు పాడుకాకుండా బిగించవలసి వచ్చింది. జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే గుత్తేదారు చెక్కకు బదులు జనపనారను జిగురుతో గట్టిపరచి చిన్న గొట్టంలా తయారుచేశాడు. మరమేకు లోపలికి దిగుతున్నకొద్దీ ఆ గొట్టం ఉబ్బి రంధ్రపు గోడలను ఒత్తుతుంది. 1911లో దీనికి పేటెంటు లభించింది. ఈనాటికీ మన ఎలక్ట్రీషియన్లు "రాల్‌ప్లగ్గు" అని పిలిచేది దీని వారసులనే. మొదటి ప్లగ్గులలోని నార బెంగాలు పొలాల్లో పండినదే అయి ఉండాలి. ఆ రోజులలో ప్రపంచానికి కావలసిన జనపనార దాదాపు అంతా అక్కడినుంచే వెళ్ళేది. 1958లో జర్మనీకి చెందిన ఆర్టుర్ ఫిషర్ నైలానుతో ప్లగ్గు చేశాడు. మన దేశంలో గోడలకు, పైకప్పులకు, నేలలకు ఈ బిగింపు సాధనాలను ఎట్లా వాడాలో చెప్పే భారతీయ ప్రమాణం, ఐ. ఎస్. 1946, 1961లో వెలువడింది.

పెద్ద బరువులకు ప్లగ్గులు చాలవు. వాటికోసం ఉక్కుతో చేసిన విస్తరణ యాంకర్లు వచ్చాయి. నట్టు బిగిస్తే బోల్టు కొంచెం పైకి లేస్తుంది. దాని కొసన ఉన్న శంకువు చుట్టూ ఉన్న ఉక్కుపట్టీని విడదీసి కాంక్రీటుకు ఒత్తుతుంది. ఆ ఒత్తిడివల్ల పుట్టే ఘర్షణే బోల్టును నిలుపుతుంది. కొన్నింటిలో బోల్టుకు ముందుగా ఒక ఉక్కు కవచాన్ని రంధ్రంలోకి దిగగొట్టి, తరువాత అందులో బోల్టును తిప్పుతారు.

ఇటువంటి బోల్టును బలంగా లాగితే ఏమవుతుంది? ఉక్కు తెగవచ్చు, బోల్టు జారి బయటికి రావచ్చు, లేదా కాంక్రీటే విరిగి, బోల్టు కొసనుంచి పైకి విప్పారే శంకువు ఆకారంలో పెద్ద ముక్క ఊడి రావచ్చు. ఈ చివరిదానిని లెక్కకట్టే పద్ధతిని ఫుక్స్, ఎలిగెహాసెన్, బ్రీన్ అనే ముగ్గురు 1995లో ప్రచురించారు. దాని ప్రకారం ఈ బలం లోతు యొక్క ఒకటిన్నర ఘాతానికి అనుపాతంలో ఉంటుంది. లోతును రెండింతలు చేస్తే బలం రెండింతలు కాదు, దాదాపు 2.8 రెట్లు అవుతుంది. మరొకవైపు నుంచి చూస్తే, పనివాడు కడ్డీ అడ్డువచ్చిందని రంధ్రాన్ని సగం లోతులోనే ఆపి, బోల్టు కొసను కోసి బిగిస్తే మిగిలేది మూడవవంతు బలమే. పైనుంచి చూసేవారికి మాత్రం రెండు బోల్టులూ ఒకేలా కనిపిస్తాయి!

పరీక్షాపద్ధతిని మొట్టమొదట పెద్దయెత్తున, దేశమంతటికీ కలిపి వ్రాయవలసి వచ్చింది అణువిద్యుత్ కేంద్రాలలో. 1978 మార్చి, ఏప్రిల్ నెలలలో అమెరికాలోని మిల్‌స్టోన్ అణుకేంద్రపు మొదటి యూనిట్‌ను ఇంధనం మార్చడానికి ఆపారు. ఆ సమయంలో భద్రతకు సంబంధించిన గొట్టాలను మోసే ఆధారాలు కొన్ని విరిగి ఉన్నట్లు కనిపించింది. విరగని ఆధారాలను కూడా పరిశీలించి చూస్తే, వాటి యాంకరు బోల్టులలో చాలా భాగం సరిగా బిగించి లేవు. అణుకేంద్రంలో ఈ గొట్టాల పని సామాన్యమైనది కాదు. భూకంపం వచ్చినా, కొలిమి వేడెక్కినా, చల్లార్చే నీరు ప్రవహించవలసింది వాటిలోనే.

అమెరికా అణునియంత్రణ సంఘం 1979 మార్చి 8న 79-02 సంఖ్య గల బులెటిన్ జారీ చేసింది. నడుస్తున్న కేంద్రాలు 120 రోజులలో సమాధానం చెప్పవలసి ఉన్నది. సరిగ్గా ఇరవై రోజుల తరువాత, మార్చి 28న, త్రీమైల్ ఐలాండ్ ప్రమాదం జరిగింది. ఆ ప్రమాదం గురించి వందల పుస్తకాలు వచ్చాయి కాని, ఈ బోల్టుల బులెటిన్ ఇంజనీర్ల బల్లలమీదనే ఉండిపోయింది. అయినా ఒక పరీక్షాపద్ధతిని ఎట్లా వ్రాయాలో చూపడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

అందులో మొదటి భాగం లెక్కకు సంబంధించినది. బోల్టులు పట్టి ఉంచే ఉక్కుపలక ఏమాత్రం వంగదని భావించి పూర్వం బరువును పంచేవారు. నిజానికి పలక వంగుతుంది; వంగినప్పుడు దాని అంచు కాంక్రీటును నొక్కి, సుత్తి గోరుతో మేకును పెరికినట్లు బోల్టును అదనంగా లాగుతుంది. కనుక లెక్క మళ్లీ చేయమన్నారు. ఒక రకం యాంకర్లకు భద్రతా గుణకం నాలుగు, కవచం గల రకానికి అయిదు ఉండాలన్నారు. అనగా మోయవలసిన బరువుకు నాలుగింతలు, అయిదింతలు లాగితేగాని ఊడని బోల్టు ఉండాలి.

రెండవ భాగంలో అసలు ప్రశ్న వస్తుంది. బోల్టులు సరిగా దిగాయనడానికి కట్టిననాటి కాగితాలు ఉన్నాయా? ఉంటే చూపండి. లేకపోతే పరీక్షించండి. ఎన్నింటిని? ఒక్కొక్క కేంద్రంలో వేలాది బోల్టులు ఉంటాయి. అన్నింటినీ పరీక్షించడం దుస్సాధ్యం. అందుకని రెండు దారులు చూపారు. ప్రతి పలకకు ఒక బోల్టు చొప్పున పరీక్షించడం ఒక దారి. యాదృచ్ఛికంగా కొన్నింటిని ఎంచి పరీక్షించి, లోపమున్నవి నూటికి 5కంటె తక్కువ అని 95 శాతం విశ్వాసంతో చెప్పగలగడం రెండవది.

ఇట్లా చెప్పాలంటే ఎన్ని బోల్టులు చూడాలి? ఉన్నత పాఠశాల గణితంతోనే తేల్చవచ్చు. లోపమున్నవి సరిగ్గా నూటికి 5 ఉన్నాయనుకొందాము. అప్పుడు ఒక బోల్టు మంచిది కావడానికి సంభావ్యత 0.95. వరుసగా రెండూ మంచివి కావడానికి 0.95 ను 0.95 తో హెచ్చించాలి. ఈ విధంగా హెచ్చిస్తూ పోతే 59 బోల్టులు వరుసగా మంచివి కావడానికి సంభావ్యత 0.05కంటె కొంచెం తక్కువకు దిగుతుంది. లాగరిథమ్ పట్టికలు తెలిసిన విద్యార్థి సరిచూసుకొనవచ్చు: 1.3010 ని 0.0223 తో భాగించాలి. కాబట్టి 59 బోల్టులు తీసి చూస్తే ఒక్కటీ చెడ్డది కాకపోతే మనకు కావలసిన విశ్వాసం కలుగుతుంది. బోల్టులు వేలల్లో ఉన్నంతవరకు ఆరువేలున్నా, అరవైవేలున్నా ఈ సంఖ్య పెద్దగా మారకపోవడం కొత్తగా విన్నవారికి వింతగా తోస్తుంది.

అయితే ఈ గణితమంతా "యాదృచ్ఛికంగా" అన్న ఒక్క మాటపైన నిలిచి ఉన్నది. పరీక్షకుడు నిచ్చెన అవసరం లేని బోల్టులను, చేతికి అందేవాటిని ఏరుకొంటే 59 చూసినా, 590 చూసినా ప్రయోజనం లేదు. చేతికి అందని బోల్టును బిగించేటప్పుడు కూడా పనివాడికి చేయి సరిగా అంది ఉండదు గదా! లోపాలు ఎక్కువగా ఉండే చోటు అదే.

ఇక పరీక్ష ఎట్లా చేయాలి? టార్కు రెంచితో నట్టును నిర్ణీత బలానికి తిప్పి చూడడం సులభమైనది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. కవచం గల యాంకరులో కవచం కొంచెం బయటికి పొడుచుకొని వచ్చి పలక వెనుకభాగానికి తగిలిందనుకొనండి. అప్పుడు బోల్టును బిగిస్తే కవచమూ పలకా ఒకదానినొకటి ఒత్తుకొంటాయి. రెంచి గట్టిగా ఉన్నదనే చెబుతుంది. కాంక్రీటు పట్టుకు మాత్రం ఆ పరీక్షలో పనే పడలేదు. అందువలన రెంచి పెట్టకముందే కవచం పలకకు తగిలిందా, మర ఎంతవరకు ఎక్కింది, బోల్టు పరిమాణం పటంలో ఉన్నదేనా అని చూడవలసి వచ్చింది. ఆ సంవత్సరంలోనే బులెటిన్‌ను రెండుసార్లు సవరించారు. ఇటువంటి పత్రం మొదటి వ్రాతలోనే పూర్తి కాదు. పని మొదలుపెట్టిన తరువాతగాని ప్రశ్నలు పుట్టవు.

విస్తరణ యాంకర్ల కథ ఇట్లా ఉండగా మరొక జాతి వ్యాప్తిలోకి వచ్చింది. రంధ్రంలో జిగురు నింపి, అందులో మరలున్న కడ్డీని దింపుతారు. జిగురు గట్టిపడి కడ్డీని, కాంక్రీటును కలుపుతుంది. ఎపాక్సీ అనే జిగురుకు మూలమైన పరిశోధన 1930ల చివరనుంచి స్విట్జర్లాండులో పియరీ కస్తాన్, తరువాత అమెరికాలో సిల్వన్ గ్రీన్లీ చేశారు. ఈ జిగురు సిమెంటుకంటె గట్టిగా అంటుకొంటుంది. కాంక్రీటును విస్తరణ యాంకరు వలె ఒత్తదు కనుక అంచులకు దగ్గరగా కూడా వాడవచ్చు. లాగి చూస్తే తరచు ఉక్కు తెగిందే గాని జిగురు ఊడలేదు. ఇంజనీర్లకు ఇది వరంగా తోచింది.

అమెరికాలోని బోస్టన్ నగరం కింద తవ్విన సొరంగ రహదారులలో ఒకదానికి, లోగన్ విమానాశ్రయానికి పోయే దారిలో, కాంక్రీటు పలకలతో లోపలికప్పు వ్రేలాడదీశారు. ఆ కప్పుకూ అసలు పైకప్పుకూ మధ్య ఉన్న ఖాళీ, వాహనాల పొగ నిండిన గాలిని లాగివేసే దారి. పలకలను మోసే ఉక్కు కమ్మీలను 5/8 అంగుళం లావు, 5 అంగుళాల లోతు గల ఎపాక్సీ యాంకర్లతో పైకప్పుకు బిగించారు. బిగించిన ప్రతి యాంకరునూ మోయవలసిన బరువుకంటె ఎక్కువ బలంతో కొద్ది నిమిషాలు లాగి చూశారు. నిలిచినదానిని అంగీకరించారు. పద్ధతి ఉన్నది, పద్ధతి ప్రకారమే చేశారు.

1999లో పక్క సొరంగభాగంలో కొన్ని యాంకర్లు పైకప్పునుంచి కొంచెం కిందికి జారినట్లు కనిపించింది. అవి పరీక్షలో నెగ్గినవే. బిగించడంలో ఏదో పొరపాటు జరిగిందనుకొని, వాటిని తీసి కొత్తవి పెట్టి, ఈసారి ఇంకా ఎక్కువ బలంతో లాగి చూశారు. నిలిచాయి. జారడానికి అసలు కారణం తేలకుండానే పని ముందుకు సాగింది. 2003 జనవరిలో సొరంగంలో రాకపోకలు మొదలయ్యాయి. 2006 జులై 10 రాత్రి సుమారు 11 గంటలకు పది పలకలు, వాటి ఉక్కు సామగ్రితో కలిపి దాదాపు 26 టన్నులు, కింద పోతున్న కారుపైన పడ్డాయి. విమానాశ్రయానికి వెళుతున్న దంపతులలో భార్య మరణించింది.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి సంవత్సరంపాటు పరిశోధించి 2007 జులైలో నివేదిక ఇచ్చింది. కొన్ని రంధ్రాలలో జిగురు పూర్తిగా నిండని మాట నిజమే గాని, ముఖ్యకారణం అది కాదు. వాడిన ఎపాక్సీకి దీర్ఘకాలం బరువు మోసే గుణం లేదు. ఆ జిగురు ఒకే పేరుతో రెండు రకాలుగా అమ్ముడయ్యేది: నెమ్మదిగా గట్టిపడేది ఒకటి, త్వరగా గట్టిపడేది మరొకటి. త్వరగా గట్టిపడేది స్వల్పకాలపు బరువులకే తగినది. ఏ రకం వాడుతున్నారో పత్రాలలో స్పష్టంగా లేదు. సొరంగంలోకి చేరింది రెండవదే.

దీనిలోని భౌతికశాస్త్రం మన వీధిలోనే చూడవచ్చు. రోడ్డు వేయడానికి తెచ్చిన తారుగడ్డను సుత్తితో కొడితే గాజులా పగులుతుంది. ఆ గడ్డనే ఒక పక్కన వదిలివేస్తే కొన్ని రోజులకు తనంతట తానే పరచుకొంటుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్నెల్ 1927లో గరాటులో నింపిన తారు వంటి పదార్థం, 1930లో గరాటు కాడ కోసినప్పటినుంచి 2014 వరకు తొమ్మిది చుక్కలు మాత్రమే వదిలింది. క్షణకాలపు దెబ్బకు ఘనపదార్థంలా, దీర్ఘకాలపు బరువుకు ద్రవంలా ప్రవర్తించడం ఈ జాతి పదార్థాల స్వభావం. ఎపాక్సీలో అణువుల గొలుసులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కనుక అది తారులా పారిపోదు. అయినా ముడులు తక్కువైనచోట గొలుసులు బరువుకు మెల్లగా సర్దుకొంటాయి. మోయగలిగినంత బరువే ఉన్నా కాలం గడిచినకొద్దీ సాగుతూ పోయే ఈ గుణాన్ని క్రీప్ అంటారు. మొదట త్వరగా, తరువాత చాలా మెల్లగా సాగుతుంది. చివరకు మళ్లీ వేగం పుంజుకొని తెగుతుంది. వేడి ఎక్కువైతే అన్నీ త్వరపడతాయి.

ఇప్పుడు బోస్టన్‌లో చేసిన పరీక్షను మళ్లీ చూడండి. కొద్ది నిమిషాలు లాగడం సుత్తిదెబ్బతో సమానం. ఎంత ఎక్కువ బలంతో లాగినా, సంవత్సరాలు మోస్తే ఏమవుతుందన్న ప్రశ్నను ఆ పరీక్ష అడగనే లేదు. రంధ్రం సరిగా శుభ్రం చేయని యాంకరును అది పట్టి ఇవ్వగలదు; తప్పుడు జిగురును పట్టి ఇవ్వలేదు.

కాలానికి సంబంధించిన ప్రశ్నను సొరంగంలో నిలబడి అడగడం కుదరదు. ప్రయోగశాలలోనే అడగాలి. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ 2011లో జిగురు యాంకర్ల అర్హతకు ఒక ప్రమాణం వెలువరించింది. దాని ప్రకారం యాంకరుపై బరువు వేసి కనీసం వెయ్యి గంటలు, అనగా దాదాపు 42 రోజులు, ఎంత జారిందో కొలుస్తూ ఉంటారు. మామూలు ఉష్ణోగ్రతలో ఒకసారి, 43 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద మరొకసారి చేస్తారు. ఆ రెండవ వేడి మన విజయవాడలోను, రామగుండంలోను వేసవిలో నీడలోనే అనుభవించేది. వచ్చిన కొలతల వక్రరేఖను మొదటి సందర్భంలో 50 ఏళ్లకు, రెండవదానిలో 10 ఏళ్లకు పొడిగించి చూస్తారు. వెయ్యి గంటలు చూసి నాలుగు లక్షల ముప్ఫైఎనిమిది వేల గంటల సంగతి చెప్పడం సాహసమే. అందుకనే ఆ సంవత్సరపు నిర్మాణ నియమావళిలో, ఎడతెగకుండా లాగే బరువు జిగురు పట్టులో నూటికి 55 వంతులు దాటకూడదని మరొక కట్టడి పెట్టారు. కాంక్రీటు వయస్సు కనీసం 21 రోజులు ఉండాలన్నారు. తలపైన బిగించే, నిరంతరం బరువు మోసే యాంకరును దింపుతున్నంతసేపూ పరీక్షకుడు పక్కనే ఉండాలన్నారు.

ఆ నియమం మనసును ఎక్కువగా ఆకట్టుకొంటుంది. పని పూర్తి అయిన తరువాత చూసి తెలుసుకొనగలిగింది చాలా తక్కువ అని ఒప్పుకొని, పరీక్షను పనిలోకే జరిపారు. రంధ్రం తొలిచారు, గాలి ఊదారా? బ్రష్షు తిప్పారా? మళ్లీ ఊదారా? లోపల దుమ్ము మిగిలితే జిగురు దుమ్మును అంటుకొంటుంది, కాంక్రీటును కాదు. జిగురు గొట్టంలోని రెండు ద్రవాలు బాగా కలిశాయా? డబ్బామీద ఉన్న పేరు, రకం, గడువు తేదీ ఏమిటి? గట్టిపడేదాకా ఎవరూ కదపలేదు గదా? ఇవి ఏవీ రేపు కనిపించవు. ఈరోజే చూసి వ్రాసుకొనాలి.

ఇంతలో 2012 డిసెంబరు 2 ఉదయం జపానులోని ససాగో సొరంగంలో అటువంటి లోపలికప్పే 140 మీటర్ల పొడవున కూలి తొమ్మిదిమంది మరణించారు. అది 1977లో తెరిచిన సొరంగం. అక్కడి జిగురు వేరు, కాలం ముప్ఫైఅయిదేళ్లు. బోల్టులను సుత్తితో తట్టి శబ్దం వినడం జపానులో బాగా తెలిసిన పరీక్ష. గట్టిగా ఉన్న బోల్టు గణగణ మ్రోగుతుంది, వదులైనది బొంగురుగా పలుకుతుంది. కాని ఆ పైకప్పు బోల్టులు పలకలకు అయిదు మీటర్లకు పైగా ఎత్తున ఉన్నాయి. 2000 సంవత్సరం తరువాత వాటిని ఎవరూ సుత్తితో తట్టలేదు. దూరంనుంచి చూసి సరిపెట్టుకొన్నారు. 2014లో జపాను ప్రభుత్వం సొరంగాలను, వంతెనలను అయిదేళ్లకొకసారి చేతికి అందేంత దగ్గరగా పరిశీలించాలని శాసించింది.

అమెరికాలో వంతెనలకు 1971నుంచే జాతీయ తనిఖీ ప్రమాణాలు ఉన్నాయి. 1967లో సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయిన తరువాత వచ్చినవి అవి. సొరంగాలకు మాత్రం అటువంటివి లేవు. బోస్టన్ సొరంగానికి సకాలంలో తనిఖీ ఏర్పాటు లేకపోవడం కూడా ప్రమాదానికి దోహదం చేసిందని మండలి చెప్పింది. ఎవరైనా పైకెక్కి చూసి ఉంటే జారిన యాంకర్లు కంటికే కనిపించేవి. జాతీయ సొరంగ తనిఖీ ప్రమాణాలు 2015లో వచ్చాయి. వాటి ప్రకారం మామూలు తనిఖీకి వ్యవధి 24 నెలలు.

బిగించేవాడి చేయిని పరీక్షించే ఏర్పాటు కూడా ఈ వరుసలోనే వచ్చింది. తలపైన నిరంతరం బరువు మోసే యాంకర్లను దింపే పనివారు అర్హతాపత్రం పొందాలని 2011 నియమావళి చెప్పింది. వ్రాతపరీక్ష తరువాత చేతిపరీక్ష ఉంటుంది. అందులో ఒక భాగంలో, లోపల ఏమవుతున్నదో అభ్యర్థికి కనిపించకుండా తలపైన అమర్చిన గొట్టంలోకి కిందినుంచి జిగురు నింపాలి. నింపిన తరువాత ఆ గొట్టాన్ని దింపి, ఎక్కడైనా గాలిబుడగలు మిగిలాయేమో పరీక్షకుడు చూస్తాడు.